మైలుతుత్తం, ఇనప పీపా, ద్రాగ్నెవ్ మాస్టారు

మా గోర్నా లోజిత్సా ఊరి బళ్ళో ఎవ్‌స్తాతీ ద్రాగ్నెవ్ ముప్పై ఒక్క ఏళ్ళు రసాయన శాస్త్రం చెప్పాడు. అందులో ఇరవై రెండేళ్ళు స్టాఫ్ రూములో ఆయన పక్క కుర్చీ నాది. నేను భూగోళం చెప్పేదాన్ని. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు.

"ఏం భూగోళం, ఇవాళ ఏ నదిని ఎటు పారిస్తున్నావు?" అనేవాడు పొద్దున్నే, టోపీ కొక్కేనికి తగిలిస్తూ.

"నదులు వాటంతటవే పారతాయి మాస్టారూ."

"అదే మీ సబ్జెక్టుకి పట్టిన దరిద్రం. మా దాంట్లో ప్రతిదానికీ ఒక రకం ఉంటుంది, ఒక పేరు ఉంటుంది."

ఆ రకాలు నాలుగు. రెండు కలిసి ఒకటైతే సంయోగం. ఒకటి విడిపోయి రెండైతే వియోగం. బలమైనది వచ్చి బలహీనమైనదాన్ని గెంటేసి దాని చోట్లో కూర్చుంటే స్థానభ్రంశం. రెండు జంటలు జతలు మార్చుకుంటే ద్వంద్వ వియోగం. ఇవి నాలుగూ ఆయన క్లాసులో నల్లబల్ల పైన గోడ మీద నూనెరంగుతో రాయించి ఉండేవి. సెప్టెంబరులో బడి తెరిచిన రోజు మొదలుకుని జూన్‌లో మూసేదాకా పిల్లలు చేసే పని ఒక్కటే. ఆయన బల్ల మీద ఒక సమీకరణం రాస్తాడు, పిల్ల లేచి రకం పేరు చెప్పాలి. చెప్తే కూర్చోవచ్చు. తడబడితే ఆయన వేలు చూపించి "కూర్చో, రెండు!" అని అరిచేవాడు. మా బళ్ళల్లో ఆరు వస్తే పండగ, రెండు వస్తే తప్పినట్టు. ఆ అరుపు నడవా చివర నా క్లాసులోకి కూడా వినిపించేది. డాన్యూబ్ నది సగంలో ఆగిపోయేది.

ఒకసారి ఒక పిల్ల అడిగిందట, వంటసోడా మీద వెనిగర్ పోస్తే బుసబుసా పొంగుతుంది కదా, అది ఏ రకం అని. మంచి ప్రశ్నే. అది ముందు జతలు మార్చుకుంటుంది, ఆ తర్వాత విడిపోతుంది, రెండు రకాలూ ఒకే గిన్నెలో. ఆ సంగతి మాస్టారికి తెలుసు. కానీ ఆయన ఏమన్నాడంటే, "ఇంట్లో జరిగేవి పరీక్షలో రావు. కూర్చో."

క్లాసు వెనక గోడకి ఒక అద్దాల బీరువా ఉండేది. అందులో గాజు కుప్పెలు, పరీక్షనాళికలు, మూతలకు మైనం పెట్టిన సీసాలు. దాని తాళంచెవి ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కన ఉండేది. నేను బళ్ళో చేరిన నాటి నుంచి అది తాళంలో దూరగా చూడలేదు. పిల్లలు బతిమాలితే, "పగిలితే జవాబు ఎవడు చెప్తాడు? నువ్వు చెప్తావా?" అనేవాడు. అలా ఒక్క నాళిక కూడా పగలకుండా, ఒక్క ప్రయోగం కూడా జరక్కుండా, మా ఊళ్ళో రసాయన శాస్త్రం ఏళ్ళ తరబడి క్షేమంగా ఉంది.

డెబ్భై తొమ్మిదిలో ఎనిమిదో తరగతి ఆఖరి పరీక్షకి ఇరీనా కూర్చుంది. ఇరీనా వాళ్ళమ్మ నేద్కా మా బళ్ళో నేలలు తుడిచేది, గంట కొట్టేది, చలికాలం పొయ్యిల్లో బొగ్గు వేసేది. పిల్ల చురుకైంది. పట్నంలో మందుల తయారీ నేర్పే కాలేజీలో సీటు కోసం చూస్తోంది. దానికి రసాయనంలో ఐదు కావాలి.

ప్రశ్న ఇది. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కరిగించిన నీళ్ళలో ఇనప మేకు వేస్తే జరిగే చర్యను గుర్తించండి.

ఇరీనా రాసింది నేను కళ్ళారా చదివాను, ఎందుకంటే ఆయన ఆ కాగితాన్ని గాల్లో ఊపుతూ స్టాఫ్ రూమంతా తిరిగాడు. "మేకు ఎర్రగా అవుతుంది. రుద్దితే ఆ ఎరుపు ఊడి వస్తుంది. నీళ్ళ నీలం వెలిసి పచ్చబారుతుంది. మా అమ్మమ్మ తోటకి మందు కలిపేటప్పుడు కత్తి ముంచి చూస్తుంది. కత్తి ఎర్రబడితే సున్నం చాల్లేదని, ఇంకా వెయ్యాలని అర్థం."

కింద ఎర్ర సిరాతో ఆయన రాశాడు: ఇది రసాయన శాస్త్రం. వంటింటి ముచ్చట్లు కాదు. రెండు.

"ఇందులో తప్పేముంది మాస్టారూ?" అన్నాను.

"రకం పేరేదీ? ఎక్కడ రాసింది?"

"జరిగేదంతా పూసగుచ్చినట్టు రాసిందిగా!"

"చూసినవాళ్ళు ఎవరైనా రాస్తారు. చూడ్డం గొప్ప కాదు భూగోళం, గుర్తించడం గొప్ప."

మర్నాడు నేద్కా ఆయన కోసం నడవాలో చీపురు పట్టుకుని నిలబడింది. "మాస్టారూ, పిల్ల రాత్రంతా ఏడిచింది. రకం పేరు దానికి తెలుసు, కంగారులో రాయలేదు. ఇప్పుడే పిలుస్తాను, మీరే అడగండి."

"పరీక్ష నిన్న మూడింటికే అయిపోయింది నేద్కా." ఆయన కాలి వైపు చూసుకున్నాడు. "ఇక్కడ తడి ఆరలేదు చూడు. జారిపడతాను. తుడువు."

నేద్కా తుడిచింది. సెప్టెంబరులో మళ్ళీ పరీక్ష పెట్టి ఇరీనాకి మూడు వేశాడు, అదేదో దానం చేసినట్టు. అప్పటికి సీటు ఎటూ పోయింది. పదిహేనేళ్ళ పిల్ల ఊరి చివర కాయగూరలు డబ్బాల్లో నింపే కార్ఖానాలో మిరపకాయల తొక్క తీసే వరసలో చేరింది. నేను హెడ్మాస్టరు దగ్గర ఒకసారి నోరెత్తాను. ఆయన దగ్గాడు. నేనూ ఊరుకున్నాను. ఆ విషయంలో నేను గొప్ప చెప్పుకోడానికేం లేదు.

ప్రభుత్వం మారింది. ఒకప్పుడు సర్కారు కలిపేసుకున్న తాతల భూములు ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చారు. తొంభై రెండు వసంతంలో ద్రాగ్నెవ్ మాస్టారికి కొండవాలులో ఎకరం ద్రాక్షతోట వచ్చింది. మనిషి అప్పటిదాకా పార పట్టుకుని ఎరగడు. వాళ్ళావిడ పావ్లినా మాత్రం మొదటిరోజే నాతో అంది, "జేచ్కా, ఈయనకి తోట ఇచ్చినవాళ్ళు తోటకేం ద్రోహం చేశారో వాళ్ళకి తెలీదు."

మే నెలలో వారం పాటు ముసురు పట్టింది. ఆకుల మీద నూనె మరకల్లా పసుపు మచ్చలు లేచాయి. బూజు తెగులు. ఊళ్ళో అందరూ మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టడానికి వీపున పంపులు వేసుకుని కొండెక్కారు. మాస్టారు మటుకు ముందు ఉపన్యాసానికి దిగాడు. సారాకొట్టు బయట బల్ల దగ్గర నిలబడి మొదలెట్టాడు.

"మీరంతా కంటి లెక్కన, చేతి లెక్కన కలుపుతారు. అసలు అక్కడ జరుగుతున్నదేమిటో తెలుసా మీకు? రాగి ఉప్పు ఒక జంట. సున్నం ఒక జంట. రెండూ కలిస్తే జతలు మారతాయి. ద్వంద్వ వియోగం!"

"జతలు మారడమా? మా వీధిలో రెండిళ్ళలో అయింది మాస్టారూ అది," అన్నాడెవడో. "ఆకులకేం మేలు జరగలేదు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. శనివారం నాటికి తోట మొత్తం శాస్త్రప్రకారం కొట్టి చూపిస్తానని శపథం చేశాడు.

శుక్రవారం సాయంత్రం ఆయన చేసిన పని పావ్లినా నాకు తర్వాత చెప్పింది. ట్రాక్టర్ల షెడ్డు నుంచి పాత డీజిలు పీపా ఒకటి తెప్పించాడు. ఇనపది. సబ్బు పెట్టి తోమించాడు. లోపల తుప్పు కూడా లేకుండా ఇసక వేసి రుద్దించాడు, ఇనుము తళతళా మెరిసేదాకా. పక్కింటి ముసలాయన కంచె మీంచి, "మా చెక్క తొట్టి ఇస్తాను, పట్టుకుపోండి" అంటే, "చెక్క తొట్లు మా తాతల కాలం సరుకు" అన్నాడు. దుకాణంలో కొన్న మైలుతుత్తం తూకం ప్రకారం గుడ్డలో మూటకట్టి నీళ్ళలో వేలాడదీశాడు. అది మెల్లగా కరుగుతుంది, పొద్దుటికి సిద్ధంగా ఉంటుందని నోటుబుక్కులో రాసుకుని పడుకున్నాడు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. పొద్దున్నే మూత తీస్తే పీపాలో నీలం లేదు. పాచిపట్టిన చెరువులా పచ్చగా, పల్చగా ఉన్నాయి నీళ్ళు. అడుగున ఎర్రటి మడ్డి. గోడలు లోపలివైపు కొత్త రాగిచెంబులా ఎర్రగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళు పిల్లల చేత చెప్పించిన పాఠం మొత్తం ఆయన కళ్ళ ముందు తొంభై లీటర్ల కొలతలో నిలబడి ఉంది. ఆయన దాన్ని చూసి ఏమని గుర్తించాడయ్యా అంటే, కల్తీ.

"నాకు నకిలీ సరుకు అంటగట్టారు పావ్లినా! రంగు వేసిన ఉప్పు!"

ఒక జాడీలో ఆ పచ్చనీళ్ళు పట్టుకుని, టోపీ పెట్టుకుని, తిన్నగా దుకాణానికి నడిచాడు. శనివారం పొద్దున. రొట్టె బండి వచ్చే వేళ. వరసలో పాతికమంది ఉన్నారు, నేనూ ఉన్నాను, నా ముందు నేద్కా ఉంది. మాస్టారు వరస పక్కనుంచి దూసుకెళ్ళి జాడీని గల్లా మీద ఠపీమని పెట్టాడు. దుకాణం నడిపే మింకా అదిరిపడింది.

"ఏమిటిది?" అన్నాడు.

"నాకేం తెలుసు మాస్టారూ? మీ ఇంట్లోంచి తెచ్చారు."

"నీ దగ్గర కొన్న మైలుతుత్తం! నీలం ఏది? నేను రసాయన శాస్త్రవేత్తని, నన్నే మోసం చేద్దామని? జిల్లాకి రాస్తాను! తూనికల వాళ్ళకి రాస్తాను!"

మింకా ముఖం కందిపోయింది. "ఆ బస్తాలోంచి ఊరంతా కొన్నారు. అందరి తోటలూ నీలంగానే ఉన్నాయి. మీ ఒక్కరికే తెల్లారేసరికి కల్తీ అయిపోయిందా?"

"అంటే నేను అబద్ధం..."

"మాస్టారూ," అంది నేద్కా. నెమ్మదిగా, బళ్ళో గంట ఎప్పుడు కొట్టాలని అడిగినట్టు. "దేంట్లో నానేశారు?"

"పీపాలో."

"ఏ పీపా?"

"ఏ పీపా ఏమిటి? ఇనప పీపా! బంగారప్పీపా ఎక్కడ తేను?"

వరసలో ఉన్న ముసలమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇనప గిన్నెలో మైలుతుత్తం పోయకూడదని మా ఊళ్ళో ఏడేళ్ళ పిల్లకి కూడా తెలుసు. పోస్తే గిన్నె చిల్లులు పడుతుంది, మందు చచ్చిపోతుంది.

ముందు నోరు తెరిచింది పనయోత్. ట్రాక్టరు నడుపుతాడు, ఆరడుగుల మనిషి. ఏడో తరగతి రెండుసార్లు చదివాడు, రెండుసార్లూ మాస్టారి దయవల్లే. అతను వరసలోంచి పక్కకొచ్చి, చేతులు కట్టుకుని, పిల్లాడిలా గొంతు పెట్టాడు.

"మాస్టారూ, చెప్పమంటారా? ఇనుము రాగి కన్నా చురుకైనది. కాబట్టి రాగిని దాని ఉప్పులోంచి గెంటేసి ఆ చోట్లో తను కూర్చుంటుంది. స్థానభ్రంశం. మూడో రకం. నాచేత వందసార్లు రాయించారు. నాకింకా గుర్తుంది. మీరెలా మర్చిపోయారు?"

ఎవరో వెనకనుంచి, "కూర్చోండి మాస్టారూ, రెండు!" అని అరిచారు.

ఇంక ఆగలేదు జనం. మింకా ఏప్రానుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వింది. రొట్టె బండివాడు, పై ఊరివాడు, ఏమీ అర్థం కాకుండానే నవ్వాడు. నేనూ నవ్వాను. అబద్ధం ఎందుకు, పదమూడేళ్ళుగా దాచుకున్న నవ్వంతా నవ్వాను. నేద్కా ఒక్కతే నవ్వలేదు. మాస్టారు జాడీ తీసుకుని, మూత పెట్టబోయి, మూత గల్లా మీదే మర్చిపోయి వెళ్ళిపోయాడు. దారంతా పచ్చనీళ్ళు ఆయన ప్యాంటు మీద తొణుకుతూనే ఉన్నాయి.

మూడు రోజులు గడప దాటలేదు. బడికి జ్వరమని కబురు పంపాడు. పీపా అడుగున సూదిబెజ్జాలు పడి కారిపోయింది. తోటలో పసుపు మచ్చల కింద తెల్లబూజు మొలిచింది. ఇంకో రెండ్రోజులు చూస్తే గుత్తులు కూడా రాలిపోతాయి. చివరికి పావ్లినాయే పరువు పక్కన పెట్టి నేద్కా ఇంటికెళ్ళింది. "ఏ వైపు తోట? తూరుపు వాలేనా?" అని మాత్రం అడిగిందట.

ఆ మధ్యాహ్నం నేద్కా గాడిదబండి మీద వాళ్ళ నాన్న కాలంనాటి చెక్క తొట్లు రెండు, గోనెలో సున్నపురాళ్ళు వేసుకుని వచ్చింది. పావ్లినా నన్ను కూడా రమ్మంది. ఆయన ఎవరి మాటా వినకపోతే నా మాట వింటాడని ఆవిడ భ్రమ.

నేద్కా ఒక తొట్లో నీళ్ళు పోసి సున్నపురాళ్ళు వేసింది. క్షణం ఊరుకుని అవి బుసకొట్టి, పగిలి, కుతకుతా ఉడకడం మొదలెట్టాయి. మాస్టారు ముందుకు వంగాడు. నేద్కా ఆయన కాలరు పట్టుకుని వెనక్కి లాగింది.

"కళ్ళజోడుందని ధైర్యమా? ఎగిరి పడిందంటే కళ్ళు పోతాయి."

"సంయోగం," అన్నాడాయన కాలరు సర్దుకుంటూ. "వేడి పుట్టిస్తుంది."

"పేరు మీరు చూసుకోండి. దూరంగా నిలబడి చూసుకోండి."

రెండో తొట్లో మైలుతుత్తం కరిగింది, ఈసారి అసలైన నీలంగా. నేద్కా కొంచెం విడిగా చిన్న మట్టి ముంతలోకి తీసిపెట్టి, మిగతాది సున్నపు పాలలోకి సన్నటి ధారగా పోస్తూ కట్టెతో తిప్పింది. నీళ్ళు చిక్కబడి, నీలం పిండి కలిపినట్టయ్యాయి. ఆయన పెదాలు కదిలాయి. నాలుగో రకం అని గొణిగి ఉంటాడు. ఈసారి పైకి అనలేదు.

అప్పుడు నేద్కా నడుముకున్న తీగలు కోసే కత్తి తీసి, రాతి మీద రెండు గీతలు గీసి మెరిపించి, తొట్లో ముంచింది. పది లెక్కపెట్టి తీసింది. అలుగు మీద లేత ఎరుపు పొర.

"చాల్లేదు," అని ఇంకో చెంబుడు సున్నం పోసింది. మళ్ళీ గీసి, మళ్ళీ ముంచింది. ఈసారి అలుగు తెల్లగానే వచ్చింది. "ఇప్పుడు కొట్టొచ్చు. ఆకు మాడదు."

"నేద్కా," అన్నాడు మాస్టారు. "ఆ కత్తి ఓసారి ఇలా ఇస్తావా?"

ఇచ్చింది. ఆయన ముంతలో ఉన్న నీలం నీళ్ళలో ముంచాడు. తీశాడు. ఎర్రబడిన అలుగును ఎండకేసి తిప్పి చూశాడు. బొటనవేలితో రుద్దాడు, ఎరుపు వేలికంటింది. వేలు చూసుకున్నాడు. జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి ముంచాడు. అదీ ఎర్రబడింది. బీరువా తాళంచెవి ముంచాడు. నేల మీద మేకు వెతికి ముంచాడు. యాభై ఆరేళ్ళ మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, టోపీ ఎటో పడిపోయి, ఇనుమన్నది ఏది దొరికితే అది ముంచుతున్నాడు.

"గేటు గొళ్ళెం కూడా ఊడదీసి ఇమ్మంటారా?" అంది పావ్లినా.

నేద్కా ఆయన్నే చూస్తోంది. "మాస్టారూ, ముప్పై ఏళ్ళు చెప్పారు కదా. ఎప్పుడూ చూడలేదా?"

"పుస్తకంలో బొమ్మ ఉంది."

"రంగుల బొమ్మా?"

ఆయన ఎర్రబడ్డ బొటనవేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "నలుపూ తెలుపూ," అన్నాడు.

నేద్కా కత్తి తీసుకుని ఏప్రానుకి తుడిచింది. "మా ఇరీనా ఇదే రాసింది మీకు."

ఇప్పుడైనా ఒక మంచి మాట అంటాడని ఎదురుచూశాను. నా వైపు, పావ్లినా వైపు, తొట్టి వైపు చూశాడు. ముఖం ఏడుపుకి ముందర ఉండేలా అయింది. చివరికి నోట్లోంచి వచ్చింది ఇదీ:

"రకం రాయలేదు నేద్కా."

"రాయలేదు," అంది నేద్కా. "ఆ పంపు ఎత్తండి, పొద్దుగూకుతుంది."

సగం తోట బతికింది. ఆ సెప్టెంబరులో బడి తెరవగానే ద్రాగ్నెవ్ మాస్టారు అద్దాల బీరువా తెరిచాడు. సీసాల్లోవి సగం గడ్డకట్టి రాళ్ళయ్యాయి, చీటీలు పురుగులు తినేశాయి. అయినా ఉన్నవాటితో మొదలెట్టాడు. మొదటి నెలలోనే ఏడు నాళికలు పగిలాయి. జవాబు ఆయనే చెప్పాడు. పిల్లలు ఆయన క్లాసు నుంచి అరుచుకుంటూ వచ్చేవాళ్ళు, భయంతో కాదు. ముందు ఏం చూశావో చెప్పు, పేరు తర్వాత చెప్పు అంటున్నాడని విని నా చెవుల్ని నేనే నమ్మలేదు. మనిషి మారాడనుకున్నాను.

తొందరపడ్డాను. శీతాకాలంలో జిల్లా ఉపాధ్యాయుల పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. "రసాయన చర్యల రకాలను ఆరుబయట గుర్తింపజేయుటకు ఒక కొత్త పద్ధతి." రాసింది ఎవ్‌స్తాతీ ద్రాగ్నెవ్. సున్నం ఉడకడం, తొట్టి, కత్తి, ముంత, అన్నీ ఉన్నాయి. "నా సుదీర్ఘ ప్రయోగాల ఫలితంగా" అని మొదలై, "ఈ పద్ధతిని ద్రాగ్నెవ్ పరీక్ష అని పిలవవచ్చు" అని ముగిసింది. నేద్కా పేరు లేదు. సున్నం పేరు పదకొండుసార్లు ఉంది.

మా కొత్త హెడ్మిస్ట్రెస్ బోజుర్కా గారు శుక్రవారం మీటింగులో ఆయన్ని అభినందిస్తే, అందరం చప్పట్లు కొడుతుండగా తలుపు తోసుకుని ఇరీనా వచ్చింది. కార్ఖానా తెల్ల టోపీ ఇంకా తల మీదే ఉంది, చేతులు మిరపకాయల వల్ల ఎర్రగా ఉన్నాయి. చేతిలో పత్రిక.

"క్షమించండి మేడం, ఒక్క నిమిషం. మాస్టారూ, ఇక్కడ 'సుదీర్ఘ ప్రయోగాలు' అని రాశారు. ఎన్నాళ్ళు చేశారు?"

ఆయన లేచాడు. "ఇరీనా, ఇది మీటింగు..."

"ఒకే ఒక్క మధ్యాహ్నమని మా అమ్మ చెప్పింది. అందుకని అడుగుతున్నా. ఒక మధ్యాహ్నం సుదీర్ఘమేనా? మీరు చదివినవాళ్ళు, మీకే తెలియాలి."

బోజుర్కా గారు కళ్ళజోడు తీశారు. "ఏమిటండీ ఇది, ద్రాగ్నెవ్ గారూ?"

"ఇది... ఈ పద్ధతి జనంలో ఉన్నదే... నేను దాన్ని శాస్త్రీయంగా..."

"నేను రాస్తే వంటింటి ముచ్చట," అంది ఇరీనా. "మీరు రాస్తే మీ పేరున పరీక్ష. కనీసం కత్తి ఎవరిదో రాయాల్సింది మాస్టారూ. అది మా తాతది." పత్రిక ఆయన బల్ల మీద పెట్టి, నా వైపు చూసి తలూపి, వెళ్ళిపోయింది. ఆ తలూపడం నాకు తగలాల్సిన చోటే తగిలింది. పదమూడేళ్ళ కిందట నేను కూడా ఊరుకున్నదాన్నేగా.

తర్వాతి సంచికలో ఆఖరి పేజీలో, పెళ్ళి సంబంధాల ప్రకటనల పైన, మూడు లైన్ల సవరణ వచ్చింది. "గత సంచికలోని వ్యాసానికి సహకరించిన శ్రీమతి నేద్కా గారి పేరు స్థలాభావం వల్ల ప్రచురించలేకపోయాము." స్థలాభావం! వ్యాసం పక్కన ఆయన ఫోటో అరపేజీ వేశారు.

నేద్కా ఆ సవరణ చదివి, కత్తిరించి, డ్రాయరులో పెట్టుకుంది. నేను కోప్పడితే, "అచ్చులో నా పేరు రావడం ఇదే మొదలు జేచ్కా, పోనీలే" అంది.

మరుసటి ఏడు కార్ఖానా మూతపడింది. ఇరీనా ఇంట్లో కాల్చి దంచిన మిరప పచ్చడి జాడీల్లో పెట్టి సంతలో అమ్మేది. ఒక బుధవారం ద్రాగ్నెవ్ మాస్టారు ఆమె ముందు వరసలో నిలబడ్డాడు. నేను కూరగాయల బండి దగ్గర ఉన్నాను, అంతా విన్నాను. వినాలనే అక్కడ ఆగాను.

"ఇరీనా," అన్నాడు టోపీ తీసి. "నేను నీకు ఐదు వేసి ఉండాల్సింది."

ఆమె జాడీ తుడుస్తూ ఆగింది. "ఆరు కాదా?"

"రకం రాయలేదుగా మరి," అన్నాడు, నిజాయితీగా బాధపడుతూ.

ఇరీనా తల వెనక్కి వాల్చి నవ్వింది. మంచి నవ్వు కాదు, చెడ్డ నవ్వూ కాదు. "పచ్చడి కావాలా, వద్దా? వెనక జనం ఉన్నారు." ఆయన రెండు జాడీలు కొన్నాడు. ఆయనకి కారం పడదు.

ఆ శరత్కాలంలో మా లోయలో వైన్ తయారుచేసే సహకార సంఘం వాళ్ళు పులుపూ చక్కెరా పరీక్ష చేసే గదిలోకి మనిషి కావాలన్నారు. కాలేజీ చదువున్న వాళ్ళెవరూ మా కొండల్లోకి రారు. మాస్టారు ఇరీనా తరఫున ఒక సిఫారసు ఉత్తరం రాశాడు, ఎవరూ అడక్కుండానే. సంఘం పెద్ద నాకు దూరపు చుట్టం. ఉత్తరం ఎలా ఉందని అడిగాను.

"నాలుగు పేజీలు," అన్నాడు విసుగ్గా. "మూడు పేజీలు ఆయన గురించే. ఎన్నేళ్ళు చెప్పాడు, ఏ పత్రికలో రాశాడు. మూడో పేజీలో చదవడం మానేద్దామనుకున్నా. నాలుగో పేజీలో ఆవిడ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. 'ఈమె చూసినదే రాస్తుంది, చూడనిది రాయదు.' నాకు కావలసిన మనిషి అదే. మిగతాది పొయ్యిలో వేశా."

ఇరీనా ఇప్పటికీ అక్కడే ఉంది. తెల్ల కోటు వేసుకుంటుంది. ఆమె కింద ఇద్దరు పనిచేస్తారు. ద్రాగ్నెవ్ మాస్టారు తొంభై ఆరులో రిటైరయ్యాడు. మోకాళ్ళు పట్టేసి తోట నేద్కా తమ్ముడికి కౌలుకిచ్చేశాడు. సాయంత్రాలు పోస్టాఫీసు ముందు బెంచీ మీద కూర్చుని, బస్సు దిగిన ప్రతి కొత్తమొహాన్నీ ఆపి చెప్తాడు, ఆ వైన్ సంఘంలో పరీక్షలు చేసే అమ్మాయికి ఉద్యోగం ఇప్పించింది తనేనని.

అది మాత్రం అబద్ధం కాదు. అందుకే మాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.